కుడి భుజం జారి 12 రోజులైంది: స్లింగ్ ఎప్పుడు తీయాలి, బ్యారన్ పనికి ఎప్పుడు పంపాలి?

ప్రశ్న: టంగుటూరు ప్రాంత పొగాకు రైతు

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా టంగుటూరుకు దగ్గరలోని పల్లె. మా తమ్ముడికి 22 ఏళ్లు. 12 రోజుల క్రితం పక్క ఊరిలో జరిగిన కబడ్డీ పోటీలో కూతకు వెళ్లి గీత వైపు తిరిగి వస్తుండగా, ఎదుటి జట్టువాళ్లు పైకెత్తి ఉన్న అతని కుడి చేతిని అలాగే పట్టుకుని వెనక్కి లాగడంతో భుజం జారిపోయింది. గుండ్రంగా ఉండవలసిన భుజం ఒక్కసారిగా అణిగిపోయి, పైన ఎముక అంచు మెట్టులాగా తేలింది. చెయ్యి ఒంటికి ఆనించలేకపోయాడు. అక్కడున్న ఒక పెద్దాయన సాయం చేద్దామనే ఉద్దేశంతోనే రెండుసార్లు చేతిని పట్టి గుంజాడు గానీ, కీలు కదలలేదు సరికదా, నొప్పికి మావాడు సొమ్మసిల్లి పడిపోయాడు. అప్పుడు 108కి ఫోన్ చేసి ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాము. అక్కడ ముందు ఎక్స్‌రే తీశారు. తరువాత మత్తు ఇచ్చి, చేతిని నెమ్మదిగా తిప్పి కీలును స్థానంలోకి చేర్చారు. మళ్లీ ఎక్స్‌రే తీసి ఎముక ఎక్కడా విరగలేదని చెప్పి, స్లింగ్ వేసి, 3 వారాల పాటు తీయవద్దని పంపించారు.

ఇప్పుడు నొప్పి చాలావరకు తగ్గింది, చిక్కంతా అక్కడే మొదలైంది. "కీలు లోపలికి పోయినాక ఇంకా ఈ గుడ్డ ఎందుకు అబ్బయా, రెక్క బిగదీసుకుపోతే ఎవురు బాధ్యులు?" అని మా నాయనమ్మ రోజూ అడుగుతోంది. బంధువులు కొందరు పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకుని రమ్మంటున్నారు, మరికొందరు వేడి నూనెతో గట్టిగా మర్దన చేయిస్తే పది దినాల్లో మామూలు మనిషి అవుతాడంటున్నారు. తమ్ముడు కూడా స్నానానికి తీసిన స్లింగ్‌ను తిరిగి వేసుకోవడానికి విసుక్కుంటున్నాడు.

మాకు పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే సొంత బ్యారన్ ఉంది. జనవరి చివరికల్లా ఆకు రెలుపు (ఆకు కోత) ఊపందుకుంటుంది. ఆకు కట్టిన కర్రలను లోపల దూలాల మీద నిలబడి పైకి అందుకునే పని ఇన్నేళ్లుగా చేస్తున్నది తమ్ముడే. అప్పటికి సుమారు 10 వారాలు అవుతుంది. అతన్ని ఆ పనికి పంపవచ్చా? మళ్లీ కబడ్డీ ఆడగలడా? ఇంకొక విషయం, జబ్బ బయటి వైపున అరచేతి వెడల్పు మేర తిమ్మిరిగా ఉందని, అక్కడ తాకితే దుప్పటి మీద నుంచి తాకినట్టు ఉందని నిన్న చెప్పాడు. ఇది ఆసుపత్రిలో చెప్పలేదు. భయపడవలసినదేనా? అనుభవం ఉన్నవారు, వైద్యరంగంలో ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: నెల్లూరులో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టు

మీరు చివర రాసిన తిమ్మిరి గురించే ముందుగా చెప్పాలి, ఎందుకంటే మిగతావి వారం తరువాత మాట్లాడుకున్నా నష్టం లేదు. భుజం కీలు కింది భాగాన్ని చుట్టుకుని ఆక్సిలరీ అనే నరం వెళుతుంది. ఎముక ముందుకీ కిందికీ జారినప్పుడు ఈ నరం సాగుతుంది. చేతిని బలవంతంగా గుంజినప్పుడు ఇంకా సాగుతుంది. మీ తమ్ముడు చెబుతున్న చోటు సరిగ్గా ఆ నరం స్పర్శను అందించే చోటే. చాలామందిలో ఇది కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తనంతట తానే కోలుకుంటుంది, కాబట్టి బెంగ పెట్టుకోకండి, కానీ వాయిదా కూడా వేయకండి. ఇదే నరం భుజానికి గుండ్రటి ఆకారాన్నిచ్చే డెల్టాయిడ్ కండరాన్ని కూడా నడిపిస్తుంది. ఆ కండరం బిగుస్తోందో లేదో డాక్టరు చేత్తో తాకి చూసి, నమోదు చేసుకోవాలి. 3, 4 వారాలకు కూడా కండరం స్పందించకపోతే నరాల పరీక్ష చేయిస్తారు. రేపే ఒంగోలు వెళ్లి ఈ మాట చెప్పండి. చెయ్యి చల్లబడటం, వేళ్లు పాలిపోవడం, మణికట్టు దగ్గర నాడి అందకపోవడం వంటివి ఎప్పుడు కనిపించినా అది గంటల్లో చూపించవలసిన విషయం, ఎందుకంటే అప్పుడు దెబ్బ రక్తనాళానికి తగిలి ఉండవచ్చు.

ఇక మీ నాయనమ్మ గారి ప్రశ్న న్యాయమైనది, దానికి జవాబు కీలు నిర్మాణంలోనే ఉంది. బడిలో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే పోటీ మనందరం చూసినదే. భుజం కీలు దాదాపు అలాంటిదే. జబ్బ ఎముక తల పెద్ద బంతి, అది ఆనుకునే గిన్నె మాత్రం లోతు లేని చెంచా. ఏ సమయంలో చూసినా ఆ బంతిలో సుమారు నాలుగో వంతు మాత్రమే గిన్నెను తాకుతూ ఉంటుంది. చేతిని మనం అన్ని దిక్కులకూ తిప్పగలగడానికి కారణం అదే, శరీరంలోని పెద్ద కీళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా జారేది భుజమే కావడానికీ కారణం అదే. ఆ చెంచా అంచు చుట్టూ లాబ్రమ్ అనే మృదులాస్థి వలయం, దాని మీదుగా సంచి వంటి పొర, ఎముకనూ ఎముకనూ కలిపే పట్టీలు, వాటి బయట నాలుగు చిన్న కండరాలను ఎముకకు కలిపే స్నాయుబంధాలు కలిసి నిమ్మకాయను పడిపోకుండా పట్టి ఉంచుతాయి. వందలో సుమారు 95 సందర్భాల్లో భుజం ముందు వైపుకే జారుతుంది. అలా జారేటప్పుడు ముందు వైపు లాబ్రమ్‌ను గిన్నె అంచు నుంచి చీల్చుకుంటూ బయటికి వస్తుంది. 1923లో బ్యాంకార్ట్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు దీనిని వర్ణించాడు కనుక నేటికీ డాక్టర్లు ఈ చీలికను ఆయన పేరుతోనే పిలుస్తారు.

అంటే ఒంగోలులో మీ తమ్ముడి బంతిని గిన్నెలో పెట్టారు, చిరిగిన అంచును మాత్రం ఎవరూ కుట్టలేదు. అది తనంతట తాను అతుక్కోవాలి. ఎక్స్‌రేలో ఎముక మాత్రమే కనిపిస్తుంది, ఈ చీలిక కనిపించదు. నొప్పి తగ్గడాన్ని అతుక్కోవడానికి గుర్తుగా తీసుకోవడం వల్లనే ఎక్కువ మంది యువకులు రెండోసారి మా దగ్గరికి వస్తున్నారు. కాబట్టి మొత్తం 3 వారాలూ స్లింగ్ ఉంచండి. అయితే అంతకు మించి నెలా రెండు నెలలు కట్టి ఉంచడం వల్ల మళ్లీ జారే అవకాశం తగ్గుతుందనడానికి రుజువు లేదు, బిగుసుకుపోయే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. ఆ విషయంలో మీ నాయనమ్మ గారి భయం సరైనదే.

స్లింగ్ ఉన్న రోజుల్లోనూ చెయ్యి పూర్తిగా విశ్రాంతిగా ఉండనక్కరలేదు. వేళ్లు ముడవడం, మెత్తని బంతి పిసకడం, మణికట్టు తిప్పడం, మోచేతిని ఒంటికి ఆనించి ఉంచి వంచి చాపడం రోజుకు నాలుగైదు సార్లు చేయించండి. డాక్టరు అనుమతిస్తే, ఎడమ చేత్తో బల్లను పట్టుకుని నడుము వంచి, కుడి చేతిని బావిలో వదిలిన చేదలా వేలాడదీసి చిన్న చిన్న వలయాలుగా ఊపవచ్చు. 3 వారాలు నిండాక ఎడమ చేతి సాయంతో కుడి చేతిని ముందు వైపుగా భుజం ఎత్తు వరకు లేపడం, గోడకు మోచేతిని నెట్టి కదలిక లేకుండా కండరాన్ని బిగించడం మొదలుపెడతాము. 6 వారాల తరువాత రబ్బరు పట్టీతో బలం పెంచే వ్యాయామాలు వస్తాయి. ఈ దశలో అందరూ జబ్బ కండను పెంచడం మీదే దృష్టి పెడతారు గానీ, నిజంగా కాపాడేవి లోపలి నాలుగు చిన్న కండరాలూ, వీపు మీది రెక్క ఎముకను నిలబెట్టే కండరాలూ. వాటి పని బయటికి కనిపించదు కాబట్టి యువకులకు వాటి మీద శ్రద్ధ నిలవదు. పక్కన కూర్చుని చేయించేవారు ఒకరు ఉండాలి, ఆ బాధ్యత మీరు తీసుకోండి.

ఒక్క భంగిమను మాత్రం కనీసం 6 వారాలు, వీలైతే 3 నెలలు పూర్తిగా దూరంగా ఉంచాలి: చేతిని పక్కకు ఎత్తి, అరచేయి ముందుకు చూసేలా వెనక్కి తిప్పడం. రాయి విసరబోయే ముందు చెయ్యి ఉండే భంగిమ అది. తల కింద చెయ్యి పెట్టుకుని పడుకోవడం, బస్సులో పైకమ్మీ పట్టుకుని నిలబడటం, వెనక సీటు మీది సంచి అందుకోవడం కూడా ఆ కోవలోనివే. బ్యారన్‌లో దూలం మీద నిలబడి, ఒక చేత్తో పైదూలం పట్టుకుని, మరో చేత్తో ఆకు కర్రను తల పైకి లాగడం అంటే అదే భంగిమలో బరువు కూడా మోయడమే. పట్టు తప్పితే ఒంటి బరువంతా ఆ చేతి మీదే పడుతుంది. 10 వారాలకు ఆ పని వద్దు. ఈ పంటకాలానికి అతనికి కిందనే ఉండి ఆకు కట్టించే పని, వేడి చూసుకునే పని అప్పగించండి. కబడ్డీ సంగతి 4 నెలల తరువాత, రెండు చేతుల బలం సమానమయ్యాక మాట్లాడదాము.

మర్దన గురించి ఒక మాట. మెడ మీద, మోచేతి కింద మెల్లగా నూనె రాయడం వల్ల హాని లేదు. భుజం ముందు భాగాన్ని బొటనవేళ్లతో నొక్కి, చెయ్యి లాగి చేసే మర్దన మాత్రం అతుక్కుంటున్న అంచును మళ్లీ ఊడదీయవచ్చు.

జవాబు: కొత్తపట్నం తీరం నుంచి ఒక మత్స్యకారుడు

ఫిజియోథెరపిస్టు గారు చెప్పిన ప్రతి మాటకూ నా కుడి భుజమే సాక్ష్యం కాబట్టి రాస్తున్నాను. నాకు మొదటిసారి జారినప్పుడు 24 ఏళ్లు. విసురు వల వేస్తుండగా పడవ ఒరిగి, నేను ఒకవైపు, వల బరువు ఒకవైపు అయి చెయ్యి వెనక్కి పోయింది. కీలు ఎక్కించి స్లింగ్ వేశారు. ఐదో రోజుకు నొప్పి లేదు, వేట మంచి అదనులో ఉంది, స్లింగ్ తీసి పక్కన పడేశాను. వ్యాయామం చేయాలని నాకు ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాలుగు నెలలకు రెండోసారి జారింది. ఆ తరువాత మూడోసారికి, నాలుగోసారికి మధ్య వ్యవధి తగ్గిపోతూ వచ్చింది. ఒకసారి నిద్రలో చెయ్యి తల కింద పెట్టుకుంటే జారింది, ఒకసారి చొక్కా చేతిలో చెయ్యి దూర్చబోతే జారింది. అలవాటైపోయి, మంచం మీద పడుకుని నేనే చేతిని మెల్లగా తిప్పి ఎక్కించుకునేవాడిని. త్వరగా ఎక్కుతోంది కదా, పెద్ద జబ్బు కాదులే అనుకున్నాను. అది ఎంత పొరపాటో ఏడేళ్ల తరువాత సీటీ స్కాన్ చూపించిన డాక్టరు వివరించారు. జారిన ప్రతిసారీ బంతి వెనుక భాగం గిన్నె అంచుకు కొట్టుకుని సొట్ట పడుతుంది, గిన్నె ముందు అంచు అరిగిపోతుంది. అంచు అరిగింది కాబట్టే అంత సులువుగా జారుతోంది, అంత సులువుగా ఎక్కుతోంది. మొదట్లో వచ్చి ఉంటే చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చూస్తూ చిరిగిన అంచును కుట్టి ఉంటే సరిపోయేదట. నాకు ఎముకే తగ్గిపోయింది కాబట్టి, భుజం ముందు ఉండే కోరకాయిడ్ అనే చిన్న ఎముక కొమ్మును దానికి అంటుకున్న కండతో సహా కోసి, గిన్నె అంచుకు స్క్రూలతో బిగించారు. లటార్జే ఆపరేషన్ అంటారు. తరువాత నాలుగు వారాలు స్లింగ్, ఆరు నెలలకు వల. ఇప్పటికి మూడేళ్లయింది, మళ్లీ జారలేదు. చెయ్యి వెనక్కి తిరగడం కొద్దిగా తగ్గింది, దానితో సర్దుకున్నాను.

మీ తమ్ముడికి ఉపయోగపడే చిన్న సంగతులు కొన్ని చెబుతాను. చొక్కా తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. తలలోంచి వేసుకునే బనియన్లు మానెయ్యాలి, ముందు బొత్తాలున్న చొక్కాలే వాడాలి. పడుకునేటప్పుడు వీపు వెనక రెండు దిండ్లు పెట్టి సగం కూర్చున్నట్టు వాలి, మోచేతి కింద మరో దిండు పెట్టుకుంటే భుజం వెనక్కి పడిపోదు. మన సముద్రగాలికి చంకలో చెమట పట్టి చర్మం పాసిపోతుంది. స్నానం చేశాక ముందుకు వంగితే చెయ్యి ఎత్తకుండానే చంక తెరుచుకుంటుంది, పొడి గుడ్డతో అద్దుకోవచ్చు. విసుగు వస్తుందని తెలుసు. రాత్రిళ్లు నాకూ ఏడుపొచ్చింది. అయినా ఆ మూడు వారాల ఓపిక నాకు ఉండి ఉంటే ఏడేళ్లు భయంతో బతకనక్కరలేకపోయేది.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ, పరిస్థితి ఆపరేషన్ దాకా వస్తే, మీకు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో చేరక ముందే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి, ఆ ఆసుపత్రిలో ఆ చికిత్స వర్తిస్తుందో లేదో అడగండి. చేరిన తరువాత అడిగితే కష్టం.

జవాబు: కావలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు

ఈ చర్చను పెద్ద వయసువారి ఇళ్లలో కూడా చదువుతారు కాబట్టి మా అమ్మ అనుభవం చెబుతాను. ఆమెకు 63 ఏళ్లప్పుడు పెరట్లో తడి బండ మీద జారి పడి భుజం తొలగింది. కీలు ఎక్కించారు, బాగానే ఉంది. కానీ స్లింగ్ తీసిన తరువాత చెయ్యి తనంతట తాను పైకి లేవలేదు, మనం లేపితే మాత్రం లేచేది. బిగుసుకుపోయిందని అందరూ అన్నారు, మేమూ నమ్మాము. రెండు నెలల తరువాత ఎమ్మారై తీయిస్తే, భుజాన్ని లేపే స్నాయుబంధాలు తెగిపోయాయని తేలింది. చిన్నవాళ్లకు గిన్నె అంచు చిరుగుతుంది, 40 దాటినవాళ్లకు ఈ స్నాయుబంధాలు తెగే ప్రమాదం ఎక్కువ అని అప్పుడు తెలిసింది. మళ్లీ జారే భయం వాళ్లకు తక్కువ, బిగుసుకుపోయే భయం ఎక్కువ, అందుకే పెద్దవాళ్లకు స్లింగ్ సాధారణంగా ఒక వారం, పది రోజులకు మించి ఉంచరట. చెయ్యి లేవకపోతే రెండు మూడు వారాల్లోనే స్కాన్ గురించి అడగండి. మేము అడగకపోవడం వల్ల పోయిన కాలాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జవాబు: ప్రకాశం జిల్లాలో పనిచేసి పదవీ విరమణ చేసిన ప్రభుత్వ వైద్యుడు

పుత్తూరు కట్టు విషయంలో మన ప్రాంతపు కుటుంబాల నమ్మకాన్ని నేను తేలికగా చూడను. తరతరాలుగా అక్కడికి వెళ్లి వచ్చినవారు మా ఇంట్లోనూ ఉన్నారు. కానీ మీ తమ్ముడి విషయంలో అక్కడ చేయవలసిన పని ఏమీ మిగలలేదు. కీలు స్థానంలో ఉంది, ఎముక విరగలేదు. బిగుతు కట్టు కడితే తిమ్మిరి ఉన్న నరానికి ఇంకా ఒత్తిడి తగలవచ్చు, వ్యాయామమూ ఆగిపోతుంది.

మైదానంలో గుంజిన పెద్దాయనను నిందించకండి, అయితే మీ ఊరి జట్టులో అందరికీ ఈ మాట చెప్పండి. చంకలో మడమ పెట్టి చేతిని లాగే పద్ధతి గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ కాలం నుంచీ ఉన్నదే. 1870లో కోకర్ చేతిని తిప్పి ఎక్కించే పద్ధతిని ప్రచురించాడు, ఆ తరువాత ఇంకా సున్నితమైనవి ఎన్నో వచ్చాయి. వీటన్నిటిలో ముఖ్యమైనది బలం కాదు, కండరాలు సడలడం. నొప్పితో బిగుసుకున్న కండరాల మీద ఇద్దరు మనుషులు గుంజితే జబ్బ ఎముక మెడ దగ్గర విరగవచ్చు, నరం సాగవచ్చు. అంతకు ముందే ఎముక చిట్లి ఉందా లేదా అని ఎక్స్‌రే లేకుండా ఎవరూ చెప్పలేరు. మైదానంలో చేయవలసింది ఇంతే: చెయ్యి ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే తువ్వాలుతో ఒంటికి ఊతంగా కట్టి, గుడ్డలో చుట్టిన మంచు పావుగంట పెట్టి, మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లడం. ఆలస్యమయ్యే కొద్దీ కండరాలు బిగుస్తాయి. మూడు వారాలు దాటాక వచ్చిన వారిలో చేత్తో ఎక్కించడమే ప్రమాదకరం, ఆపరేషన్ అవసరం కావచ్చు.

మీ ప్రశ్నకు నేరుగా సంబంధం లేకపోయినా, పొలాల్లో పనిచేసేవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. పంపుసెట్టు స్టార్టరు దగ్గర కరెంటు షాకు కొట్టినా, మూర్ఛ వచ్చినా, కండరాలన్నీ ఒక్కసారిగా బిగిసి భుజం వెనక్కి జారవచ్చు. అప్పుడు మీరు చెప్పిన మెట్టు కనిపించదు. చెయ్యి పొట్టకు ఆనుకుని లోపలికి తిరిగి ఉంటుంది, అరచేతిని పైకి తిప్పమంటే తిప్పలేరు. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రేలో అది తప్పిపోవచ్చు, పక్క నుంచి మరొకటి తీయించాలి. షాకు తగిలిన మనిషి "భుజం నొప్పి" అంటే కండరాల నొప్పిలే అని వదిలేయకండి.

ఆపరేషన్ గురించి నా అభిప్రాయం: 20 ఏళ్ల ప్రాయంలో, ఒకరినొకరు పట్టి లాగే ఆట ఆడేవారిలో భుజం మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ. కొందరు శస్త్రవైద్యులు అలాంటివారికి మొదటిసారే అంచు కుట్టడం మేలంటారు. మీ తమ్ముడు కబడ్డీ వదలనంటే 6 వారాలకు ఎమ్మారై తీయించి ఎముకల డాక్టరుతో ఈ మాట తేల్చుకోండి. ఆట వదిలేస్తానంటే ముందు వ్యాయామానికి పూర్తి అవకాశం ఇచ్చి చూడవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ ఉదయమే ఒంగోలు వెళ్లి వచ్చాము. డాక్టరు సూదితో, దూదితో తాకి చూసి తిమ్మిరి ఉన్న చోట చర్మం మీద పెన్నుతో గీత గీసి, సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోమన్నారు. వారం వారం ఆ గీత లోపలికి తగ్గుతోందా లేదా అని చూసుకోవాలట. డెల్టాయిడ్ కండరం బలహీనంగానైనా బిగుస్తోంది, అది మంచి గుర్తు అన్నారు. నాలుగో వారం మళ్లీ రమ్మన్నారు. కొత్తపట్నం అన్న రాసినది నాయనమ్మకు చదివి వినిపించాను. "ఏడేండ్లా!" అని ఒక్క మాట అని, సాయంత్రం తనే స్లింగ్ ముడి సరిచేసింది. బ్యారన్ పనికి ఈ ఏడాది కూలి మనిషిని మాట్లాడుకుంటున్నాము. ఇక ఒక్కటే సందేహం మిగిలింది. స్లింగ్ ఉండగానే ఎడమ చేత్తో మోటారు సైకిలు మెల్లగా నడుపుకుంటానంటున్నాడు, ఊళ్లోనే కదా అని.

నెల్లూరు ఫిజియోథెరపిస్టు

వద్దు. ఆక్సిలరేటరూ ముందు బ్రేకూ కుడి చేతి వైపే ఉంటాయి. గేదె అడ్డం వచ్చినా, గుంత ఎదురైనా ఆ చెయ్యే ముందుకు చాచుకుంటుంది. కనీసం 6 వారాలు వెనక కూర్చోమనండి, అదీ ఎడమ చేత్తో పట్టుకుని. గీత గీసిన ఫొటో చాలా మంచి పని. ప్రతి ఆదివారం ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి తీయండి, నాలుగో వారం వెళ్లేటప్పుడు అన్నీ తీసుకువెళ్లండి.